పరిశోధనలో ప్రశ్నావళి

విశ్వవిద్యాలయముల పరిశోధకులు ప్రశ్నల కాగితములు చేతబట్టి పల్లెలకు వచ్చుట గుంటూరు, ప్రకాశం జిల్లాలవారికి క్రొత్త గాదు. ఆ కాగితమునే ప్రశ్నావళి యందురు. ఒకే ప్రశ్నను అందరిని ఒకే మాటలలో అడిగినప్పుడే ఒకరి సమాధానమును మరియొకరి సమాధానముతో సరిపోల్చవచ్చును. అయితే ప్రశ్న తప్పైనచో ఆ తప్పు వేయిమంది నోట ఒకే తీరుగ వచ్చును. కావున అడుగుటకంటె ప్రశ్న కూర్చుటయే కష్టము.

ప్రశ్నావళిని నడపు పద్ధతులు ముఖ్యముగ రెండు. 1876లో జర్మనీ దేశమున గియోర్గ్ వెంకర్ అను పండితుడు కొన్ని వాక్యములను బడిపంతుళ్లకు పంపి, వానిని తమ ఊరి మాటలోనికి మార్చి వ్రాయుడని కోరెను. దీనివలన స్వల్పవ్యయముతో వేలకొలది ఊళ్ల సమాచారము లభించును గాని, సందేహము తీర్చుటకు ఎదుట మనిషి యుండడు. ఫ్రాన్సులో ఎడ్మోఁ అను నతడు 1897 మొదలు 1901 వరకు 639 చోట్లకు స్వయముగ పోయి, విన్నది విన్నట్లు వ్రాసికొనెను. ఇందు శ్రమ యెక్కువ; నమ్మకమును ఎక్కువే.

మన భాషలో ఇట్టి కృషికి చక్కని నిదర్శనము మాండలిక వృత్తి పదకోశము. 1928లో ఒంగోలున జన్మించిన ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, వ్యవసాయ పదములతో దాని మొదటి సంపుటమును 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించెను. రైతుల నోటి మాటలే దానికి ఆధారము. ఇట్టి సేకరణలో ఎంత జాగ్రత్త కావలెనో చూడుడు. రాయలసీమ రైతును “దీనిని నాగలి యందురు గదా?” అని యడిగినచో, మర్యాదకైనను “అవునండి” అనును. “మడక” అను మాట కాగితమున కెక్కదు. వస్తువును చూపి “దీని పేరేమి?” అని యడుగవలెను. ప్రశ్నలోనే సమాధానము దాగియుండరాదు.

మిరప విషయమును అంతే. “ఎకరమునకు దిగుబడి ఎంత?” అన్నచో పచ్చికాయయా, ఎండుకాయయా? తాలుకాయ చేర్చియా, వేరుచేసియా? రైతు టిక్కీలలో లెక్క చెప్పును. ఆ టిక్కీ ఎన్ని కిలోలదో అడుగనిచో లెక్కకు విలువ లేదు. కనుకనే అసలు పనికి ముందు ప్రశ్నావళిని కొద్దిమంది వద్ద పరీక్షించి సవరించుకొందురు.

అన్నిటికంటె సున్నితమైనది కౌలు ప్రశ్న. కౌలు రైతుల గుర్తింపునకై 2011లోను, 2019లోను చట్టములు వచ్చినను, నోటిమాటపై నడచు కౌలు నేటికిని విస్తారము. భూస్వామి ఎదుట “ఈ ప్రత్తిచేను నీదేనా, కౌలుకా?” అని యడిగిన కౌలుదారు నిజము చెప్పుటకు జంకును. ఆ జంకు అబద్ధపు అంకెయై, అంకె నివేదికయై, చేను దున్నినవాడు లెక్కలోనే లేకుండ పోవును. ఋణమునకు, పంటనష్టపు సాయమునకు ఎందరు అర్హులో తేల్చవలసి వచ్చినప్పుడు ఆ లోపము అతని యింటినే తాకును. కావున ఏకాంతమున అడుగుట, పేరు బయటపెట్టబోమని మాట యిచ్చుట, ఆ మాట నిలుపుకొనుట పరిశోధకుని ధర్మములు.

రేడియోలో పనిచేయు మేమును శ్రోతల అభిప్రాయములపై ఆధారపడువారమే గనుక ఒక మనవి చేయుచున్నాము. ప్రశ్నావళితో ఎవరైన మీ గుమ్మమునకు వచ్చినప్పుడు, వారికి నచ్చు సమాధానము వెదకకుడు. ప్రశ్న మీ అనుభవమునకు సరిపడనిచో ఆ మాటయే చెప్పుడు. పరిశోధనకు అదియు ఉపకారమే.