గాజు తొట్టిలో గ్రామపు చెరువు

పూర్వపు నల్లగొండ, మహబూబునగరం జిల్లాలలో చెరువో కుంటయో లేని గ్రామము అరుదు. చెరువు నిండినదా, ఎండినదా, అలుగు పోసినదా అను సంగతి ఊరిలో అందరికిని తెలియును. కాని ఆ నీటిలోపల జరుగు పని ఎవరి కంటికిని కనబడదు. చేపయు, మొక్కయు, మట్టియు, కంటికి కానరాని సూక్ష్మజీవులును ఒకదానిపై నొకటి ఆధారపడి బ్రతుకు తీరును చూడవలెనన్న, నీటి మొక్కలు నాటిన చేపల తొట్టి యొకటి చాలును. పట్టణములలో దీనిని ఇంటికి అలంకారముగా పెట్టుకొందురు. మేము దీనిని పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుట అలంకారము కొరకు కాదు. పాఠశాలలోనో, పంచాయతీ కార్యాలయములోనో ఇట్టి తొట్టి యున్నచో, త్రాగునీటిని గూర్చియు, దోమలను గూర్చియు ఉపన్యాసములతో తెలుపలేని విషయములను కంటికి చూపవచ్చును.

ఈ ఏర్పాటు క్రొత్తది కాదు. 1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లండను కెమికల్ సొసైటీకి తన ప్రయోగమును వివరించెను. గాజు పాత్రలో బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచగా, కుళ్లిన ఆకులవలన నీరు చెడసాగెను. ఆ కుళ్లును తినుటకు అతడు చెరువు నత్తలను చేర్చెను. అంతట నీరు తేటపడెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల శాల తెరచిరి. మన దేశమున బొంబాయిలోని తారాపూర్‌వాలా అక్వేరియము 1951లో ప్రారంభమయ్యెను.

మొదటిసారి కట్టువారు రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తుగల తొట్టిని తీసికొనుట మేలు. ఇది అంచువరకు సుమారు 57 లీటర్లు పట్టును. ఇంతకన్న చిన్నది చౌక యని తీసికొనరాదు. నీరు తక్కువైనకొలది అది త్వరగా వేడెక్కును, త్వరగా చెడును. నీరు, ఇసుక, గాజు కలిసి బరువు సుమారు 70 కిలోలగును గనుక ఊగెడి బల్లపై పెట్టరాదు. నేరుగా ఎండ తగులు కిటికీవద్ద పెట్టినచో వారము దినములలో నీరు పచ్చబడును.

అడుగున వ్రేలి మందమున చెరువు పూడిక మట్టిని పరచవలెను. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు రైతులు పొలములకు తోలుకొన్నది ఈ మట్టినే. పైరుకు బలమిచ్చినది నీటి మొక్కకును బలమిచ్చును. అయితే ప్రత్తి చేలనుండి మందులు కొట్టిన నీరు దిగు కుంటలోని మట్టిని తేరాదు. దానిపై రెండంగుళముల మందమున వాగు ఇసుకను, కడిగిన నీరు తేటగా వచ్చువరకు కడిగి, పరచవలెను. ఇందుకు ఒక గంపెడు ఇసుక చాలును. ట్రాక్టరు అవసరము లేదు! ఇసుకలో సున్నపురాయి యున్నదేమో చూచుటకు చిటికెడు తీసి నిమ్మరసము పిండవలెను. బుడగలు పొంగినచో ఆ ఇసుక నీటి కాఠిన్యమును పెంచును, దానిని వదలివేయవలెను.

మొక్కలకు దూరము పోనక్కరలేదు. సన్నని ఆకులతో గుబురుగా పెరుగు హైడ్రిల్లా నాచు, రిబ్బనువంటి ఆకులుగల వాలిస్నేరియా మన చెరువులలోనే పెరుగును. చెరువులో దిగుటకు ముందు ఆ ఊరి మత్స్య సహకార సంఘము వారితో చెప్పుట మర్యాద. ఏ మూల ఏ మొక్క యున్నదో వారికే బాగుగా తెలియును. తెచ్చిన మొక్కలను లేత గులాబి రంగు వచ్చునంత పొటాసియం పర్మాంగనేటు కలిపిన నీటిలో పది నిమిషములుంచి కడిగినచో జలగలును, పురుగులును చాలవరకు పోవును. గుర్రపుడెక్కను మాత్రము, పువ్వు ఎంత అందముగా నున్నను, తేరాదు. అది చెరువును ఎట్లు క్రమ్మివేయునో చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక నీటి సంగతి. ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. మేము మొదటిసారి తొట్టి కట్టినప్పుడు కుళాయినీరు నేరుగా పోసి, ఆ సాయంత్రమే చేపలను వదలితిమి. తెల్లవారుసరికి సగము చచ్చినవి. చూచినవారు, “ఈ నీటిలో ఏదో విషమున్నది, బోరునీరే మేలు” అనిరి. ఆ మాట పూర్తిగా పొరపాటు. మిషన్ భగీరథ ద్వారా వచ్చు శుద్ధిచేసిన నీటిలోను, పంచాయతీ వారు ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపిన నీటిలోను క్లోరిన్ ఉండును. కుళాయి చివరకూడ లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెనని నియమము. కలరా, విరేచనముల క్రిములనుండి మనలను కాపాడునది అదియే. ఆ క్లోరినే చేపల మొప్పలను దెబ్బతీయును. వెడల్పు మూతిగల పాత్రలలో ఆ నీటిని ఒకటి రెండు దినములు తెరచియుంచినచో క్లోరిన్ గాలిలో కలిసిపోవును. పిమ్మట తొట్టిలో పోయవచ్చును.

దీనికి ఎదురు పొరపాటు ఇంతకన్న ప్రమాదకరమైనది. బోరునీటిలో చేపలు హాయిగా తిరుగుట చూచి అది త్రాగుటకు మంచిదని నమ్మరాదు. ఈ ప్రాంతపు నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములోనికి దిగుచున్నది. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు గారపట్టుటయు, ఎముకలు వంగుటయు మర్రిగూడ, మునుగోడు ప్రాంతముల ప్రజలకు మనము చెప్పవలసిన సంగతి కాదు. ఆ హాని ఏండ్లకు గాని బయటపడదు. రంగులో, రుచిలో, వాసనలో తెలియదు. కొలది నెలలు తొట్టిలో బ్రతికిన చేప దానికి సాక్ష్యము చెప్పజాలదు. నీటిపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

ఈ విషయములో తొట్టి చూపగల నిదర్శనము మరియొకటి కలదు. వేసవిలో తొట్టినీరు దినదినము ఆవిరియై తగ్గును. తగ్గినచోట గాజుపై తెల్లని గీత యేర్పడును. నీరు పోయినది, అందులోని లవణములు నిలిచినవి. తగ్గినంత నీటిని మాత్రమే పోయుచుండినచో లవణములు పేరుకొనుచు పోవును. కావున వారమున కొకసారి అయిదవవంతు నీటిని తోడివేసి క్రొత్తనీరు పోయవలెను. కాచిన నీటిలో ఫ్లోరైడు ఉండదని నమ్ము ఇల్లాండ్రు నేటికిని కలరు. వారికి ఆ తెల్లని గీతను చూపవలెను. కాచుటవలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైనకొలది మిగిలినదానిలో అది మరింత చిక్కబడును. పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానమునకు నాగపూరులోని పరిశోధన సంస్థ ‘నల్లగొండ పద్ధతి’ అని ఈ జిల్లా పేరే పెట్టినది. ఆ ఖ్యాతి సంతోషింపదగినది కాదు.

నీరు పోసి మొక్కలు నాటిన తరువాత నాలుగు మొదలు ఆరు వారములు ఓపిక పట్టవలెను. చేపల విసర్జనమునుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చును. మొదటి రెండును చేపలకు విషము. మూడవది మొక్కలకు ఎరువు. ఈ సూక్ష్మజీవులు ఇసుకలో స్థిరపడువరకు ఒకటి రెండు చేపలకన్న వదలరాదు. పిమ్మట బొటనవ్రేలంత చేపలు ఆరేడు చాలును. మన వాగులలోని చిన్న పరకలు ఇందుకు తగినవి. మన రాష్ట్రపు చేపయైన కొర్రమీను పిల్లను తెచ్చిరా, తక్కిన చేపలను అదియే మ్రింగును.

పగటివేళ మొక్కల ఆకులపై ముత్యములవలె బుడగలు కనబడును. వెలుతురులో మొక్కలు విడుచు ప్రాణవాయువే అది. రాత్రి అవియును చేపలవలె ప్రాణవాయువును పీల్చును. కావుననే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. ఎండాకాలమున కుంటలలో చేపలు వేకువను నోళ్లు తెరచి పైకి తేలుట అందరును చూచియుందురు. ఎవరో విషము కలిపిరని తగవులు పడినవారును కలరు. అన్నిసార్లును అది విషము కాదు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడును. 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే. ఎండలు 40 డిగ్రీలు దాటు మన వేసవిలో తొట్టికి తడిగుడ్డ చుట్టి, మేత సగమునకు తగ్గించి, రాత్రి గాలిపంపు నడుపవలెను.

దోమల సంగతి చూపుటకు కష్టమే లేదు. కూలరు అడుగునుండి, పాత టైరునుండి ఒక గ్లాసుడు నీరు తెచ్చి తొట్టిలో పోసినచో, అందులోని తోకపురుగులను చేపలు క్షణములో పట్టి తినును. ఆ పురుగులే వారము పది దినములలో దోమలగునని అక్కడనే చెప్పవలెను. ఐతే దోమలను తినునని గంబూసియా చేపలను చెరువులలోను, వాగులలోను వదలుట తగదు. అది కప్పల పిల్లలను, ఇతర చేపల గ్రుడ్లను కూడ తినును. ప్రపంచములోని 100 మిక్కిలి హానికర పరజాతుల పట్టికలో అది చేరినది. తొట్టికై అంగడిలో కొన్న చేప ఏదియైనను పెద్దదైనదని, విసుగుపుట్టినదని చెరువులో విడువరాదు. గాజుకు అంటుకొని పాచి తిను ‘సక్కర్’ చేప అట్లే బయటపడి, తెలుగునాట జలాశయములలో వలలను చింపుచు బెస్తవారికి బెడదయైనది. అది అమ్ముడుపోదు, తినుటకు పనికిరాదు. తిను చేపల మేతను మాత్రము తినును. కత్తిరించిన నీటిమొక్కలను కూడ ఎరువు గుంతలోనే వేయవలెను.

మేత విషయమున పిల్లల ఉత్సాహమును అదుపులో నుంచవలెను. రెండు నిమిషములలో తినునంతయే, దినమున కొకసారి చాలును. మేము చూచిన తొట్లలో ఆకలితో చచ్చిన చేపలకన్న అతిమేతవలన చచ్చినవే ఎక్కువ. ఈ పనిని ఇద్దరు విద్యార్థులకు, ఒక ఉపాధ్యాయునికి అప్పగించుట మంచిది. వేసవి సెలవులలో పాఠశాల తాళపుచెవి ఎవరి వద్ద నుండునో, వారమున కొకసారి నీరు ఎవరు మార్చుదురో తొట్టి కొనుటకు ముందే పంచాయతీ వారు నిర్ణయించుకొనవలెను.