రాజధాని నగర పరిచయం: పీటర్‌మారిట్జ్‌బర్గ్

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ఒక రాజధాని నగరాన్ని సందర్శకులకు, పెట్టుబడిదారులకు ఎలా పరిచయం చేయాలో వివరించగలుగుతారు;
• పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగర చరిత్రను, ఆర్థిక ఆధారాలను తెలుసుకుంటారు;
• నగర పరిచయంలో లోపాలను ఎందుకు చెప్పాలో చర్చించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

కొత్త ఊరికి బయలుదేరే మనిషి "అక్కడ చూడదగినవి ఏమున్నాయి?" అని అడుగుతాడు. అదే ఊళ్లో డబ్బు పెట్టదలచిన మనిషి "అక్కడ పదేళ్లు నిలదొక్కుకోగలనా?" అని అడుగుతాడు. మొదటివాడు రెండు రోజులుండి వెళ్లిపోతాడు. రెండోవాడు భవనం కట్టి, యంత్రాలు దింపి, మనుషుల్ని పనిలో పెట్టుకుంటాడు. పొరపాటు పడితే ఒకడికి రెండు రోజులు పోతాయి, ఇంకొకడికి ఇల్లు గుల్లవుతుంది. అందుచేత నగర పరిచయం రాసేవారికి రెండు రకాల పాఠకుల పట్లా బాధ్యత ఉంటుంది.

ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకుందాం. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ అనే ప్రావిన్సు ఉంది. ప్రావిన్సు అంటే మన రాష్ట్రం వంటిదని స్థూలంగా అనుకోవచ్చు. దాని రాజధాని పీటర్‌మారిట్జ్‌బర్గ్. ఈ పేరు మీరు గాంధీజీ జీవితచరిత్రలో చదివే ఉంటారు. అక్కడివారు పలుకుబడిలో 'మారిట్జ్‌బర్గ్' అని కుదించి పిలుస్తారు.

2. నగరం, రాజధాని హోదా

డర్బన్ రేవు నుంచి లోపలికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున, కొండల మధ్య గిన్నెలాంటి పల్లంలో ఈ నగరం ఉంది. ఎమ్‌సుందుజీ నది దీని గుండా పారుతుంది. 1838లో డచ్చి సంతతికి చెందిన వలసదారులు దీన్ని స్థాపించి, తమ నాయకులైన పీట్ రెటీఫ్, గెర్ట్ మారిట్జ్‌ల పేర్లు కలిపి పెట్టారు. జులూ భాషలో దీని పేరు ఉమ్‌గుంగుండ్లోవు. 1843లో బ్రిటిష్‌వారు నటాల్‌ను కలుపుకున్నారు. 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడినప్పుడు నటాల్ ఒక ప్రావిన్సు అయింది, ఈ నగరం దానికి రాజధాని అయింది.

1994లో జాతివివక్ష పాలన ముగిశాక నటాల్, క్వాజులు ప్రాంతాలు ఒక్కటయ్యాయి. క్వాజులుకు అంతకుముందే ఉలుండి అనే రాజధాని ఉంది. దాంతో శాసనసభ ఎక్కడ ఉండాలన్న వివాదం పదేళ్లు నలిగింది. 2004లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఏకైక రాజధానిగా స్థిరపడింది. 1953లో రాజధాని అయిన కర్నూలు 1956లో ఆ హోదా పోగొట్టుకున్న సంగతి ఎరిగిన మనకు ఈ అనిశ్చితి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. రాజధాని ఎక్కడో తేలేదాకా ఇల్లు కట్టేవాడూ, దుకాణం తెరిచేవాడూ వెనకాడతారు.

3. సందర్శకుల దృష్టిలో

ఈ నగరంలో ఎక్కువమంది అడిగి వెళ్లే స్థలం రైల్వేస్టేషన్. 1893 జూన్ 7 రాత్రి, మొదటి తరగతి టిక్కెట్టు చేతిలో ఉన్నా, రంగు కారణంగా గాంధీని ఇక్కడ రైల్లోంచి దించేశారు. జూన్ అనగానే మనకు ఎండలు గుర్తుకొస్తాయి. దక్షిణార్ధగోళంలో అది చలికాలం. ఆయన ఓవర్‌కోటు సామానులో ఉండిపోయింది. అడిగితే మళ్లీ అవమానిస్తారేమోనని అడగకుండా, వెయిటింగ్ రూములో వణుకుతూ రాత్రంతా గడిపారు. తిరిగి స్వదేశం వెళ్లిపోవాలా, ఉండి పోరాడాలా అన్న ప్రశ్నకు ఆయన జవాబు వెతుక్కున్నది ఆ రాత్రే.

నగరం ఈ సంఘటనను ఎలా చూసుకుందో గమనించండి. సరిగ్గా నూరేళ్లకు, 1993లో, నగరం నడిబొడ్డున గాంధీ విగ్రహం నిలిపారు. 1997లో నగరం ఆయనకు మరణానంతరం పౌరసత్వ గౌరవం ఇచ్చింది. ఆ సభలో అధ్యక్షుడు నెల్సన్ మండేలా పాల్గొన్నారు. తన సిగ్గుపడాల్సిన రాత్రినే నగరం తన గుర్తింపుగా చేసుకుంది.

చూడదగినవి ఇంకా ఉన్నాయి. ఎర్ర ఇటుకలతో కట్టిన సిటీ హాలు, పాత న్యాయస్థాన భవనంలో నడుస్తున్న టాథమ్ చిత్రశాల, 1874లో ఏర్పడిన బొటానికల్ గార్డెన్ అందులో ముఖ్యమైనవి. దగ్గరలోని హోవిక్‌లో 95 మీటర్ల ఎత్తయిన జలపాతం ఉంది. ఆ ఊరి శివార్లలోనే 1962 ఆగస్టు 5న మండేలాను అరెస్టు చేశారు. అక్కడ 2012లో నిలిపిన 50 ఉక్కు స్తంభాలను ఒక నిర్దిష్ట చోట నిలబడి చూస్తే మండేలా ముఖం కనిపిస్తుంది. 1921 నుంచి ఈ నగరానికీ డర్బన్‌కూ మధ్య సుమారు 90 కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగుపందెం జరుగుతోంది.

తెలుగు సందర్శకులకు ఇక్కడ మరో ఆకర్షణ ఉంది. 1860–1911 మధ్య 1,52,000 మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వెళ్లారు. వారిలో చాలామంది మద్రాసు రేవులో ఓడ ఎక్కారు, తెలుగువారూ అందులో ఉన్నారు. చెరకు తోటల్లో, గనుల్లో, రైలు మార్గాలపై పనిచేశారు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. 1996 నాటి రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల్లో తెలుగు పేరు కూడా చేర్చింది.

4. పెట్టుబడిదారుల దృష్టిలో

ఈ నగర ఆర్థిక బలానికి మూడు ఆధారాలున్నాయి.

మొదటిది దారి. డర్బన్ రేవులో దిగిన సరుకు జొహానెస్‌బర్గ్‌కు వెళ్లే ఎన్-3 రహదారి ఈ నగరాన్ని ఆనుకొని పోతుంది. గోదాములు, లారీల మరమ్మతు, సరుకు పంపిణీ వంటి పనులకు ఇది అనుకూలం. అయితే నగరం దాటగానే వచ్చే టౌన్ హిల్ ఎత్తుపల్లాల వద్ద భారీ లారీలకు ప్రమాదాలు జరుగుతుంటాయి. దారి ఒక్కరోజు మూతపడినా సరుకు ఆగిపోతుంది.

రెండోది చుట్టుపక్కల పంట. ఈ ప్రాంతంలో కలప తోటలు, చెరకు, పాడి ఉన్నాయి. ఇక్కడ పెంచే వాటిల్ చెట్టు బెరడు తోళ్లను ఊనడానికి పనికివస్తుంది. అందువల్ల తోలు పని, దాన్ని అనుసరించి చెప్పుల తయారీ ఇక్కడ వేళ్లూనుకున్నాయి. 1990లలో దిగుమతి సుంకాలు తగ్గాక చవక చెప్పులు వచ్చిపడి ఈ పరిశ్రమ బాగా దెబ్బతింది. అల్యూమినియాన్ని రేకులుగా సాగదీసే పెద్ద కర్మాగారం కూడా నగరంలో ఉంది.

మూడోది ప్రభుత్వం. శాసనసభ, ప్రభుత్వ శాఖలు, హైకోర్టు, విశ్వవిద్యాలయం ఉండటంతో నెలనెలా జీతం అందుకునే వారు ఎక్కువ. మార్కెట్టు మందగించినా వీరి కొనుగోళ్లు ఒక్కసారిగా పడిపోవు. చిన్న వ్యాపారికి ఇదే పెద్ద భరోసా.

5. దాచకూడని విషయాలు

ఇంతవరకు రాసి ఆపితే అది ప్రకటన అవుతుంది, పరిచయం కాదు. ఈ నగరం గురించి మరో నాలుగు మాటలు చెప్పాలి.

ఒకటి, గాలి. చలికాలపు రాత్రుల్లో చల్లగాలి పల్లంలోకి దిగి నిలుస్తుంది. దానిపై వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. పొగ పైకి పోలేదు. కనుక పొగ వదిలే పరిశ్రమకు స్థలం ఎంచుకునేటప్పుడు భూమి ధర ఒక్కటే చూస్తే చాలదు.

రెండు, పురపాలన. ఆర్థిక, పాలనా ఇబ్బందుల వల్ల 2010లోనూ, 2019లోనూ ప్రావిన్సు ప్రభుత్వం నగరపాలికలో జోక్యం చేసుకోవలసి వచ్చింది.

మూడు, అశాంతి. 2021 జూలైలో మాజీ అధ్యక్షుడు జేకబ్ జూమా జైలుకు వెళ్లిన తరువాత రేగిన అల్లర్లలో క్వాజులు-నటాల్, గౌటెంగ్ ప్రావిన్సుల్లో కలిపి 350 మందికి పైగా చనిపోయారు. ఈ నగరంలోనూ దుకాణాలు లూటీ అయ్యాయి, తగలబడ్డాయి.

నాలుగు, దూరం. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం జాతులవారీగా నివాసాలను విడదీసింది. నల్లవారికి ఎడెండేల్, ఇంబాలి, భారతీయులకు నార్త్‌డేల్ వంటి ప్రాంతాలు మిగిలాయి. చట్టం పోయినా ఇళ్లు అక్కడే ఉన్నాయి. నగరం నడిబొడ్డున పనిచేసే ఎడెండేల్ కార్మికుడు ఇప్పటికీ తన కూలిలో కొంత ప్రయాణానికే ఖర్చు పెట్టాలి. కార్మికుడు వేళకు ఎందుకు రాలేకపోయాడో తెలియాలంటే యజమానికి ఈ చరిత్ర తెలియాలి.

6. సారాంశం

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కు దారి, పంట, ప్రభుత్వం బలాలు. గాలి, పురపాలన, అశాంతి, పాత విభజన దాని సమస్యలు. రైల్వేస్టేషన్‌లోని అవమానాన్ని దాచకుండా చెప్పినందువల్లే లోకం ఆ నగరాన్ని గౌరవంతో చూస్తోంది. పెట్టుబడిదారుకు చెప్పే మాటకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. లోపం ముందే తెలిసినవాడు దానికి తగిన ఏర్పాటు చేసుకుని వస్తాడు. వచ్చాక తెలుసుకున్నవాడు వెళ్లిపోతాడు, పోతూ పోతూ పదిమందికి చెబుతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1994–2004 మధ్య రాజధాని విషయంలో వచ్చిన వివాదం ఏమిటి?
2. వాటిల్ చెట్టుకూ చెప్పుల పరిశ్రమకూ గల సంబంధాన్ని వివరించండి.
3. మీ జిల్లా కేంద్రాన్ని పెట్టుబడిదారుకు పరిచయం చేస్తూ ఒక పేజీ రాయండి. అందులో మూడు బలాలతోపాటు, మీరు దాచాలనుకునే ఒక లోపాన్ని కూడా తప్పక చేర్చండి.