మారు భాషలు – కంపైలరు సంరక్షణము

కంప్యూటరునకు తెలిసినవి ఒకటి, సున్న అను రెండంకెలు మాత్రమే. మానవుడో ప్రోగ్రామును సి, ఫోర్ట్రాన్ మొదలగు భాషలలో వ్రాయును. ఆ వ్రాతను పరీక్షించి, యంత్రము గ్రహింపగల ఆజ్ఞలుగా మార్చునది కంపైలరు. అదియు ఒక ప్రోగ్రామే. చెల్పూరు పాఠశాలలోని బాలిక సి భాషలో వ్రాసిన పది పంక్తులకైనను, పెద్ద కర్మాగారమును నడుపు లక్షల పంక్తులకైనను అది లేనిదే గతి లేదు.

కొన్ని కంపైలర్ల మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. వీనిని ఓపెన్ సోర్సు కంపైలర్లందురు. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జి.సి.సి. ఇట్టిదే.

వీనిని వ్రాయుటకంటె కాపాడుటయే కష్టము. ఏలయన భాషలు నిలకడగా నుండవు. పూర్వము సి భాషలో ఒక ఫంక్షనును ముందుగా ప్రకటింపకయే పిలువవచ్చును. అది పూర్ణాంకమునే తిరిగి యిచ్చునని కంపైలరు ఊహించుకొనెడిది. 32 బిట్ల యంత్రములపై ఈ ఊహ వలన తరచుగా కీడు కలుగలేదు. 64 బిట్ల యంత్రములు వచ్చిన పిదప, ఫంక్షను ఒసగినది మెమరీలోని చిరునామా యైనచో, అందు సగము తెగిపోయి ప్రోగ్రాము నడుమనే కూలెడిది. 1999 నాటి ప్రమాణము ఈ పద్ధతిని తొలగించెను. అయినను జి.సి.సి. సంరక్షకులు కొంతకాలము మౌనముగా, కొంతకాలము హెచ్చరికతో దానిని సహించిరి. పాత పద్ధతిని నమ్ముకొన్న ప్రోగ్రాములు అసంఖ్యాకములు. వానిని వ్రాసినవారిలో పలువురు ఆ పనినే విడిచిరి. తుదకు 2024లో, 14వ కూర్పున, దానిని దోషముగా నిర్ణయించిరి. ఫెడోరా లినక్సు వారు తమ ప్రోగ్రాములను ముందుగనే పరీక్షించి, చెడిన వానిని దిద్దుకొనవలసి వచ్చెను. వెంటనే దిద్దుకొనలేనివారికై పాత సహనమును తెచ్చి యిచ్చు మీట నొకదానిని సంరక్షకులు ఉంచిరి. ఇది మెచ్చదగిన దయ.

బాలవ్యాకరణము అంగీకరింపని ప్రయోగమునైనను పాఠకుడు సందర్భమునుబట్టి అర్థము చేసికొనును. కంపైలరునకు ఆ నేర్పు లేదు.

ఇట్టి కష్టము తెలంగాణములోను కానవచ్చును. సంగారెడ్డి జిల్లా కందిలోనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఆచార్య రామకృష్ణ ఉపద్రష్ట, ఆయన శిష్యులు, సహచరులు కలిసి ఐ.ఆర్.టు.వెక్ అను పరికరమును నిర్మించి 2020లో ప్రకటించిరి. అది ప్రోగ్రామును అంకెల వరుసగా మార్చును. ఆ అంకెలనుండి నేర్చుకొని, ప్రోగ్రామును వేగవంతము చేయు ఉపాయమును యంత్రమే ఎన్నుకొనవచ్చును. ఈ పరికరమునకు పునాది ఎల్.ఎల్.వి.ఎం. అను మరియొక ఓపెన్ సోర్సు కంపైలరు సముదాయము.

ఆ పునాది ఏటికి రెండు మారులు క్రొత్త కూర్పుగా వెలువడును. 2022లో వచ్చిన 15వ కూర్పున ఒక పెద్ద మార్పు జరిగెను. అంతకు ముందు ప్రతి పాయింటరును, తాను చూపు వస్తువు పూర్ణాంకమో, దశాంశమో చెప్పెడిది, ఇపుడు చెప్పదు. ఆ ప్రశ్న నడిగెడి పరికరములనన్నిటిని తిరిగి వ్రాయవలసి వచ్చెను. ఎల్.ఎల్.వి.ఎం. నియమ మేమనగా, మార్పు చేయువాడు ప్రధాన భాండారములోని భాగములను తానే సరిచేయవలెను; వెలుపలి వానిని వాని యజమానులే చూచుకొనవలెను. విశ్వవిద్యాలయములలో నిది మరింత భారము. శిష్యుడు పట్టము పుచ్చుకొని వెళ్లిపోవును, పరికరము మిగులును.

2025లో ఐ.ఆర్.టు.వెక్ ఎల్.ఎల్.వి.ఎం. ప్రధాన భాండారమున చేర్చబడెను. ఇపుడు ఎవరో దూరదేశమునందలి ఇంజనీరు ఒక మార్పు చేసి దీనిని చెఱచినచో, ఆతడే దిద్దవలెను. అయితే అది చెడినదని ఆతనికి తెలియవలెను గదా! అందులకై పరీక్షలు వ్రాసి యుంచు పని మాత్రము దీనిని చేర్చిన వారిదే.