పుస్తకాల లెక్క కూడా అమానతే
గ్రంథాలయ సర్వర్ గురించి దాతలకు నాలుగు మాటలు



"కంప్యూటర్ కొనిచ్చాం కదా సార్, మళ్లీ ఈ సర్వర్ ఏమిటి?" చందాల కోసం వెళ్లిన చోటల్లా మాకు ఎదురవుతున్న ప్రశ్న ఇది. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో మన సొసైటీ నడుపుతున్న రెండు పఠన మందిరాల బాధ్యత చూస్తున్నాం కాబట్టి జవాబు చెప్పవలసింది మేమే. మాది కంప్యూటర్ చదువు కాదు. బీఈడీ చేసి, బడిలో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లం. పని మీద పడ్డాక నేర్చుకున్నాం. అందుకే మాకు అర్థమైన తీరులోనే చెబుతాం.

డేటాబేస్ సర్వర్ అంటే

పాత తహసీలు కచేరీలో రికార్డు రూము గుర్తుందా? కిటికీల దగ్గర ఎంతమంది నిలబడినా, బీరువా తాళం ఒక్క గుమాస్తా దగ్గరే ఉండేది. చీటీ పంపితే ఆయనే కాగితం తీసి చూపేవాడు, మార్పు ఉంటే ఆయనే రాసి మళ్లీ లోపల పెట్టేవాడు. డేటాబేస్ సర్వర్ చేసేది సరిగ్గా ఆ పనే. ఏ పుస్తకం ఉంది, ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు తిరిగి రావాలి అనే లెక్కంతా దాని దగ్గర ఉంటుంది. కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి పుస్తకం ఇస్తున్నా, ఇంట్లో ఫోనులో ఒక విద్యార్థి పుస్తకం వెతుకుతున్నా, రెండు చీటీలూ దాని దగ్గరికే వెళతాయి. ఒకే పుస్తకాన్ని ఒకేసారి ఇద్దరికి రాసివ్వకుండా చూసేదీ అదే. బల్లమీద కనిపించే కంప్యూటర్ కిటికీ మాత్రమే. రికార్డు రూము వేరే ఉంది.

ఏ సాఫ్ట్‌వేర్, ఎందుకు

ప్రభుత్వ గ్రంథాలయాల కోసం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ తయారుచేసిన ఈ-గ్రంథాలయ ఉంది. మన హైదరాబాదులోనే రూపుదిద్దుకుని 2008లో ఓపెన్ సోర్స్ అయిన న్యూజెన్‌లిబ్ ఉంది. మేము కోహాను ఎంచుకున్నాం. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టు కోసం 1999లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. 2000 సంవత్సరం రాగానే అక్కడి పాత వ్యవస్థ పనిచేయదన్న భయం వారిది. కొత్తది తయారయ్యాక తమ దగ్గరే దాచుకోకుండా లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. అక్కడి మావోరీ భాషలో కోహా అంటే కానుక. దానం మీద నడిచే సంస్థకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. దీనికి లైసెన్సు రుసుము లేదు. ఖర్చంతా యంత్రానిది, దాన్ని కాపాడుకోవడానిది.

ఎక్కించిన క్రమం

ముందు యంత్రంలో డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. తర్వాత మరియాడీబీ అనే డేటాబేస్ సర్వర్. మైఎస్‌క్యూఎల్ తయారుచేసినవారే 2009లో దాన్నుంచి విడదీసి మొదలుపెట్టినది ఇది. ఆ పైన కోహా. మన గ్రంథాలయం పేరుతో ఒక ఖాతా సృష్టించగానే కోహా తనకు కావలసిన డేటాబేస్‌ను, దానికొక వాడుకరి పేరును, రహస్య పదాన్ని తానే తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత బ్రౌజర్‌లో ఒక్కొక్క పేజీ నింపుకుంటూ పోవాలి. గ్రంథాలయం శాఖలు, సభ్యుల రకాలు, పుస్తకం ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు అనే నియమాలు అక్కడే. ఆలస్య రుసుము గడిలో మేము సున్నా వేశాం. రుసుముకు భయపడి పుస్తకం తీసుకోవడం మానేసే పిల్లలున్న చోట అది న్యాయమనిపించింది.

చిన్నవిగా కనబడినా తప్పక చూసుకోవలసినవి మూడు.

మొదటిది సమయం. యంత్రం గడియారాన్ని భారత కాలమానానికి సరిచేయకపోతే గడువు తేదీలు తప్పుతాయి.

రెండవది జ్ఞాపకం. ఎక్కువగా అడిగే సమాచారాన్ని మరియాడీబీ చేతికందే చోట ఉంచుకుంటుంది. ఎవరూ మార్చకపోతే దానికి దొరికే చోటు 128 ఎంబీ. 8 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో దాన్ని 1 జీబీ వరకు పెంచాం.

మూడవది తలుపు. డేటాబేస్ 3306 అనే ద్వారం గుండా మాట్లాడుతుంది. దాన్ని ఆ యంత్రం లోపలికే పరిమితం చేశాం. ఆదిలాబాద్ శాఖవారు సైతం కోహా పేజీ ద్వారానే వస్తారు, నేరుగా బీరువా దగ్గరికి రారు. ఎవరు ఏ పుస్తకం చదివారన్నది వారి సొంత విషయం. అది మన దగ్గరున్న అమానత్.

ఉర్దూ, తెలుగు, మరాఠీ

కరీంనగర్‌లో మన పుస్తకాలు ఎక్కువగా ఉర్దూ, తెలుగు. మహారాష్ట్ర పక్కనే ఉన్న ఆదిలాబాద్‌లో మరాఠీ కూడా. పాత జాబితాలు కొన్ని ఇన్‌పేజ్‌లో, కొన్ని అను ఫాంట్లలో టైపు చేసి ఉన్నాయి. అవి యూనికోడ్ కావు. అలాగే తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులు వచ్చాయి. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చాం, డేటాబేస్‌ను కూడా యూనికోడ్ పద్ధతిలోనే పెట్టాం. ఇప్పుడు కుడి నుంచి నడిచే ఉర్దూ పేరూ, ఎడమ నుంచి నడిచే తెలుగు పేరూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉంటున్నాయి. ఈ ఒక్కటి మొదట్లోనే చూసుకోకపోతే, వేల పేర్లు ఎక్కించాక దిద్దడం ఎవరి తరమూ కాదు.

మేము చేసిన తప్పు

ఇది దాచిపెడితే మీకు అన్యాయం చేసినట్టే. మొదటిసారి మేము ఇవన్నీ ఒక మామూలు కంప్యూటర్‌లో పెట్టాం. ఎండలు 45 డిగ్రీలకు చేరే రోజులు, కరెంటు వచ్చిపోతూ ఉండేది. యూపీఎస్ బ్యాటరీ దిగిపోయిందని తెలుసు. వచ్చే నెల మారుద్దామనుకున్నాం. ఒక మధ్యాహ్నం యంత్రం ఆగింది, మళ్లీ లేవలేదు. డిస్కు పోయింది. డిగ్రీ చదివే మన ఆడపిల్లలు సెలవులంతా కూర్చుని టైపు చేసిన జాబితా దానితోనే పోయింది.

"కాపీ లేదా?" అని అడిగారు పెద్దలు. ఉంది. కోహా ప్రతిరోజూ తానే కాపీ తీసుకుంటుంది. కానీ దాన్ని అదే డిస్కులో పెడుతుంది, అదీ రెండు రోజులవే ఉంచుతుంది. ఇల్లు కాలితే బీరువాలో ఉన్న నకలు కూడా కాలినట్టు.

మమ్మల్ని ఆదుకున్నది సిరాతో రాసిన పాత యాక్సెషన్ రిజిస్టర్. ఆ పిల్లలే, ఒక్క మాట అనకుండా, అది ముందుపెట్టుకుని మొదటి పుస్తకం నుంచి మళ్లీ మొదలుపెట్టారు. వాళ్ల ముఖం చూడటానికి మాకు సిగ్గేసింది. పోయింది యంత్రం కాదు, వాళ్ల కష్టం. డబ్బు ఇచ్చినవారిదే కాదు, చేతులు ఇచ్చినవారిదీ దానమే.

ఇప్పటి పద్ధతి

ఇప్పుడు రోజువారీ కాపీ రెండు చోట్లకు వెళుతోంది. ఒకటి పక్క గదిలోని ఎక్స్‌టర్నల్ డిస్కుకు, రెండవది ఆదిలాబాద్ శాఖకు. వరదో, దొంగతనమో, అగ్నిప్రమాదమో జరిగినా రెండు ఊళ్లలో ఒకేసారి జరగవు. నెలకొకసారి ఆ కాపీని ఒక పాత కంప్యూటర్‌లో ఎక్కించి, నిజంగా తెరుచుకుంటోందో లేదో చూస్తున్నాం. కాపీ తీశామన్నది సగం మాట. తిరిగి ఎక్కించి చూసినప్పుడే అది పూర్తి మాట. పాత రిజిస్టర్‌ను కూడా మానలేదు. ప్రతి కొత్త పుస్తకాన్ని అందులోనూ రాస్తున్నాం.

దాతలకు మనవి

కొత్త కంప్యూటర్‌కు రిబ్బను కట్టవచ్చు, ఫొటో దిగవచ్చు. యూపీఎస్ బ్యాటరీకి ప్రారంభోత్సవం ఉండదు. కాపీలు తీసే డిస్కు మీద ఎవరి పేరూ రాయరు. ప్రతి నెలా కూర్చుని పరీక్షించే అమ్మాయికి ఇచ్చే చిన్న పారితోషికం ఏ శిలాఫలకం మీదా కనబడదు. అయినా రికార్డు రూమును నిలబెట్టేవి ఈ మూడే. ఈ ఏడు మా విన్నపం కొత్త యంత్రం కోసం కాదు, ఉన్నదాన్ని కాపాడే ఈ మూడింటి కోసం. ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా ఏటేటా వచ్చే చిన్న మొత్తం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. ఆగకుండా సాగే దానాన్ని సదఖా జారియా అంటాం కదా, దాన్ని ఆగకుండా సాగనిచ్చేది ఇలాంటి నిర్వహణే.

ఎప్పుడైనా సాయంత్రం మన పఠన మందిరానికి రండి. టెట్‌కో, డీఎస్సీకో చదువుకుంటున్న పిల్ల కౌంటర్‌లో పుస్తకం పేరు చెబుతుంది. అది ఏ బీరువాలో, ఏ అరలో ఉందో క్షణంలో తెలుస్తుంది. మీరిచ్చింది ఎక్కడ పనిచేస్తున్నదో అక్కడ నిలబడి చూడండి. లోపాలు కనబడితే మాకు చెప్పండి. దిద్దుకుంటాం, ఇన్షా అల్లాహ్.