బార్నెట్ రహదారి

కెనడాలోని వాంకూవరు నుండి తూర్పుగా సాగివచ్చు హేస్టింగ్స్ వీథి, బర్నబీలోని ఇండ్లను అంగళ్లను దాటి, బర్నబీ కొండ ఎదురు నిలువగానే దానిని ఎక్కక ఎడమకు తొలగి, ఇన్‌లెట్ డ్రైవ్ అను పేరుతో పల్లమునకు దిగి, పిమ్మట బార్నెట్ రహదారియై, కుడిచేత అడవి క్రమ్మిన కొండవాలును, ఎడమచేత బరార్డ్ ఇన్‌లెట్ అను సముద్రపు పాయను ఉంచుకొని పోర్ట్ మూడీ పట్టణము చేరి, దానిని కడచి కోక్విట్లమ్‌లో లాహీడ్ రహదారితో కలియును. ఆ లాహీడ్ రహదారి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు 7వ సంఖ్య మార్గము. దానికి ప్రత్యామ్నాయమైన ఈ పొట్టి దారికి 7ఏ అను సంఖ్య చిరకాలముండెను. విశాఖలో కైలాసగిరి పాదమున భీమిలి వైపు పోవు దారిని ఎరిగినవారు దీని తీరును కొంత ఊహించుకొనవచ్చును. కాని ఇక్కడ దారికిని నీటికిని నడుమ రైలుపట్టాలు కూడ ఉన్నవి.

ఆ పట్టాలు దారికంటె ముందే వచ్చినవి. వానికంటెను ముందు, వేల ఏండ్లుగా, ఈ పాయ తీరముల నివసించిన త్స్లైల్‌వౌతుత్ ప్రజలకు నీరే రాజబాటగా నుండెను; దేవదారు పడవలు గలవారికి ఇంత నిటారైన కొండ అంచున నేలబాట త్రొక్కవలసిన అగత్యమేమున్నది? 1792లో కెప్టెన్ జార్జ్ వాంకూవర్ ఈ పాయను చూడవచ్చినదియు నీటి మీదనే. 1886 జూలై 4న మాంట్రియల్ నగరమునుండి బయలుదేరిన తొలి ప్రయాణికుల రైలుబండి పోర్ట్ మూడీకి రాగా, ఆ ఊరే ఖండమును దాటివచ్చు రైలునకు కడపటి మజిలీ అని నమ్మి అచ్చట నేలలు కొన్నవారు మురిసిరి. ఆ మురిపెము ఏడాదియైన నిలువలేదు. కెనడియన్ పసిఫిక్ రైల్వేవారు కొండపాదము వెంబడి పట్టాలు పొడిగించుటతో 1887 మే 23న రైలు వాంకూవరు చేరెను, పోర్ట్ మూడీ నడిమి స్టేషనుగా మిగిలెను.

ఆ పట్టాల అంచున 1889లో నార్త్ పసిఫిక్ లంబర్ కంపెనీ కలపమిల్లు వెలసినది; దాని చుట్టు ఏర్పడిన ఊరే బార్నెట్. మిల్లు నడిపిన మెక్‌లారెన్ భార్య పుట్టింటి పేరును ఊరికి పెట్టిరని స్థానికులు చెప్పుదురు. 1909లో మిల్లు అగ్నికి ఆహుతియై మరల లేచినది. కొండల దేవదారు, ఫర్ మ్రానులు ఇచ్చట పలకలై ఓడలెక్కి దూరదేశములకు పోయెను. ఆ పలకలు కోసినవారిలో చీనావారు, జపానువారు, పంజాబునుండి వచ్చిన సిక్కులు కలరు. మన దేశస్థుల చెమట ఈ ఒడ్డున ఇంకినదనుట అతిశయోక్తి కాదు. అయినను ఈ పాయయే వారి తోడివారికి తలుపు మూసినది. 1914లో, తొలి రైలు వాంకూవరు చేరిన తేదీయే అయిన మే 23న, 376 మంది భారతీయ యాత్రికులతో వచ్చిన కొమగట మారు ఓడ పాయ పడమటి భాగమున లంగరు వేయగా, ప్రభుత్వము కొద్దిమందిని మాత్రము దిగనిచ్చి, రెండు నెలలు ఆపి, జూలై 23న దానిని వెనుకకు పంపెను. దారి వెంబడి మిల్లు చరిత్రకు దొరకునంత స్మరణ ఆ కార్మికులకు దొరకకపోవుట నాకు లోటుగనే తోచును.

1930ల ఆర్థిక మాంద్యమున మిల్లు మూతపడినది, ఊరు క్రమముగ చెదరినది. కార్లుగలవారు నేరుగా పోవుదారి కావలెనని కోరిన పిమ్మట, 1940ల ఆరంభమున, ఆ ఇరుకుటంచున రహదారి తెరువబడినది. అంతవరకు నీరు, ఇనుము పంచుకొన్న చోట మూడవదానికి మిగిలినది కొండవాలే. కాబట్టియే ఈ దారి ఇన్ని వంకలు తిరుగుచుండును. మిల్లుండిన తీరము నేడు బార్నెట్ మెరైన్ పార్కు. కలపచెత్తను కాల్చిన కొలిమి శిథిలము చిన్న కోటబురుజువలె అచ్చట నిలిచియున్నది. కొండశిఖరమున 1965లో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయము తెరచిరి; తెలుగుదేశములనుండి చదువవచ్చిన పిల్లలు ఆ శిఖరమునకు బస్సులెక్కిపోవుదురే గాని, దిగువనున్న ఈ తీరమును చూచువారు తక్కువ.

1990లలో దారిని విస్తరించి, ఒకరికంటె ఎక్కువమందితో పోవు వాహనములకు వేరు వరుసలేర్పరచిరి. 1995లో పట్టాల మీద వెస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ అను ఉద్యోగుల రైలు మొదలైనది. ఆ దశాబ్దాంతమున రాష్ట్రము ఈ దారిని వదులుకొనగా 7ఏ సంఖ్య పోయినది. బరువు స్థానిక సంస్థల మీద పడెను.

ఇంతలో నాల్గవ యాత్రికుడొకడు నేలక్రింద నడచుచుండెను. ఆల్బర్టానుండి వచ్చు ట్రాన్స్ మౌంటెన్ ముడిచమురు గొట్టము 1953నుండియు బర్నబీలోనే ముగియును. ఓడలకు నింపు వెస్ట్‌రిడ్జ్ రేవు ఈ దారికి క్రిందనే కలదు. 2007 జూలై 24న ఇన్‌లెట్ డ్రైవ్‌లో మురుగుకాలువ పనికై త్రవ్వుచున్న యంత్రము ఆ గొట్టమును చీల్చగా, రెండు లక్షల లీటర్లకు పైబడిన నూనె ఆకాశమునకు చిమ్మి, ఇండ్ల మీద పడి, కొంత పాయలోనికి పారినది. పిమ్మట గొట్టమును విస్తరించినపుడు చమురును రేవునకు చేర్చుటకై కొండగర్భమున 2.6 కిలోమీటర్ల సొరంగము త్రవ్విరి. 2024 మే నెలనుండి ఆ మార్గమున చమురు పారుచున్నది.