తిట్టు కీర్తన యగు విధము

దుఃఖము, కోపము మంచి సంగీతమును పుట్టింపగలవా యను ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

17వ శతాబ్దిలో కంచెర్ల గోపన్న సర్కారు పన్నుల సొమ్ముతో భద్రాద్రి రామునకు గుడి కట్టించి, తానీషా యాజ్ఞచే గోలకొండ చెఱలో బడెనని ప్రతీతి. ఆ రామదాసు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో దేవునే నిలదీసెను. భరతుని పతకమునకు 10,000 వరహాలు పట్టెననుచు, తాను చేయించిన నగలన్నిటిని లెక్కగట్టి యెత్తిపొడిచెను. పిమ్మట, దెబ్బల కోర్వక తిట్టితినని మన్నింపు వేడెను.

చెఱలో దెబ్బలు తిన్నవా రెందఱో తిట్టియుందురు. ఆ తిట్లు గోడలలోనే యణగిపోయినవి. రామదాసు తిట్టు నిలుచుటకు రెండు కారణములు నాకు దోచుచున్నవి. అతడు తిట్టినది తనవాడని నమ్మిన వానిని. ఆ తిట్టును రాగతాళములకు లోబఱచి నడపెను. నిప్పు విడిచినచో ఇల్లు గాల్చును; పొయ్యిలో నుంచినచో అన్నము వండును. బాధయు నట్టిదే.

మీ భజనలలో ఈ కీర్తనను నగల లెక్కతో నాపకుడు. మన్నింపు చరణమును గూడ బాడుడు. కోపము కరగి సౌందర్యమగు చోటు అదియే.