ఎండకు ఆరని క్లేతో గట్టి బొమ్మ ఎలా?

దసరా వస్తే తమిళనాడంతటా మెట్ల మీద బొమ్మల కొలువు తీరుస్తారు. ఆ కొలువులోకి మీరే ఒక బొమ్మ చేయాలనుకుని పాలిమర్ క్లే కొన్నారనుకోండి. రోజంతా ఎండలో పెట్టినా అది మట్టిబొమ్మలా గట్టిపడదు. ఎందుకు?

మట్టిలో నీళ్లుంటాయి. అవి ఆవిరైతే మట్టి బిగుస్తుంది. పాలిమర్ క్లేలో నీళ్లే ఉండవు! అందులో ఉండేది పీవీసీ అనే ప్లాస్టిక్ సన్నని పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగులు.

మరి గట్టిపడేదెలా? ఇడ్లీ పిండిని గుర్తుతెచ్చుకోండి. ఆవిరి తగలగానే పిండి రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక్కడా అంతే. ఒవెన్‌లో సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వేడికి ప్లాస్టిక్ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని, ఉబ్బి, కలిసిపోతాయి. ఇక మళ్లీ పిసికేంత మెత్తగా మారవు.

బొమ్మ చేసేటప్పుడు ముందు క్లేను బాగా పిసకాలి. లోపల గాలి మిగిలితే కాల్చినప్పుడు బుడగలు, పగుళ్లు వస్తాయి. తల పెద్దదైతే మధ్యలో అల్యూమినియం రేకు ఉండ పెట్టాలి. అప్పుడు పైపొర పలచగా ఉండి, వేడి సమంగా అందుతుంది. ముక్కు, పెదవులు, వేళ్లు తీర్చాక కాల్చాలి. చల్లారాక తడిపిన సన్న గరుకు కాగితంతో రుద్ది, ఆక్రిలిక్ రంగులు వేయాలి.

వేడి మరీ ఎక్కువైతే క్లే మాడి, హానికరమైన పొగ వస్తుంది. అందుకే ప్యాకెట్ మీద రాసిన వేడినే పాటించండి. ఒవెన్ పని మాత్రం పెద్దవాళ్లకే అప్పగించండి.